గాడి పడిన డబ్బాలో కొత్త ప్లేట్లు



మన సంఘపు బండి గురించి మీకు తెలుసు. పాత 100 సీసీ మోటారు సైకిల్. భువనగిరి నుంచి మూసీ వైపు పల్లెలకు కుటుంబ ప్రార్థనలకు మేము వెళ్లేది దాని మీదే. తారు రోడ్డు దిగితే మట్టి బాట. నాట్ల కాలంలో ట్రాక్టర్ల కేజ్ వీల్స్ ఆ బాటను ఎలా చేస్తాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర లేదు. ఆ బురదలో ఇద్దరం కూర్చుని, క్లచ్ సగం పట్టి సగం వదిలి నడిపీ నడిపీ, చివరికి ప్లేట్లు అరగదీశాం. ఎక్సలేటర్ తిప్పితే ఇంజిన్ అరిచేది గానీ బండి ముందుకు లేచేది కాదు. చిన్న ఎత్తు వచ్చినా వెనక కూర్చున్నవాళ్లు దిగి నడవాల్సి వచ్చేది.

కొత్త ప్లేట్లు వేసింది మన సంఘంలోని ఒక తమ్ముడు. పేరు చెప్పడం లేదు. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాం. ఒకప్పుడు మెకానిక్ షాపులో పని నేర్చుకున్నాడు. తాగుడు వల్ల ఆ పని పోయింది, ఇల్లు కూడా పోయేంత పనైంది. దేవుని కృప వల్ల, వైద్యం వల్ల, ఇంటివాళ్ల ఓపిక వల్ల మానేశాడు. మానేసిన తర్వాత అతను సంఘానికి చేసిన మొదటి పని ఇదే.

పని శ్రద్ధగా చేశాడు. కొత్త ప్లేట్లను రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాడు. పొడిగా బిగిస్తే పట్టేస్తాయి, మాడిపోతాయి అన్నాడు. మరునాడు కుడివైపు కవర్ విప్పి, ప్లేట్లు మార్చి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించాడు. అందరం సంతోషించాం.

సాయంత్రానికే కొత్త తిప్పలు మొదలైంది. ఇంతకు ముందు క్లచ్ పట్టేది కాదు, ఇప్పుడు వదలడం లేదు. లివర్ మొత్తం నొక్కి పట్టినా గేర్‌లో బండి ముందుకు గుంజుతోంది. బ్రేక్ వేస్తే ఇంజిన్ ఆగిపోతోంది. ఇంజిన్ నడుస్తుండగా న్యూట్రల్ పడదు, ఆపితే పడుతుంది. ఒక వాడకట్టులో పిల్లలు ఆడుకుంటుంటే ఆపుదామని క్లచ్ నొక్కాం. బండి ఆగకుండా ఒక్క గుంజు గుంజింది. పిల్లవాడు పక్కకు దుమికాడు కాబట్టి సరిపోయింది. దేవుడు కాపాడాడు.

ఆ రాత్రి మందిరం ముందు బండి చుట్టూ నిలబడినప్పుడు మనలో ఒకరు అన్నారు, “మళ్ల తాగి బిగించిండేమో, ఎవరికెరుక?”

ఎవరూ కాదనలేదు. మేము కూడా కాదనలేదు. కాదనకపోవడమే కాదు, నిజం చెప్పాలంటే, ఆ మాట వినక ముందే మా మనసులో అదే ఆలోచన వచ్చి పోయింది. ఆ తమ్ముడు కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు. విన్నాడు. ఏమీ అనకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అతను మళ్లీ సీసా పట్టుకుని ఉంటే ఆ లెక్క దేవుడు ఎవరిని అడిగేవాడు? ఆ ప్రశ్న మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

పొద్దున్నే అతనే పానాల సంచితో వచ్చాడు. మా ముఖం చూడకుండా పనిలో దిగాడు. మేము పక్కన కూర్చుని చూశాం. అతను వెతికిన క్రమం మీలో బండి ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాం.

మొదట కేబుల్. లివర్ చివర కొంచెం వదులు ఉండాలి. చాలా బండ్లకు అది 10 నుంచి 20 మిల్లీమీటర్లు. వదులు ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు, మరీ తక్కువైతే జారుతుంది. మాది సరిగానే ఉంది. రెండోది ఆయిల్. మోటారు సైకిల్ క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది, కాబట్టి కారు ఆయిల్ పోయకూడదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. అదీ సరిగానే ఉంది. తర్వాత కవర్ విప్పి ప్లేట్లు బయటికి తీశాడు. కొత్త ప్లేట్ల మధ్య ఉండే ఇనుప ప్లేట్లను ఒక్కొక్కటిగా అద్దం మీద పెట్టి చూశాడు. వేడికి వంకర పోతే ఒక పక్క లేస్తాయట. ఏదీ లేవలేదు. స్ప్రింగులు అన్నీ ఒకే పొడవు ఉన్నాయి.

చివరికి ప్లేట్లు కూర్చునే డబ్బా మీదికి వచ్చాడు. దాన్ని క్లచ్ హౌసింగ్ అంటారు. దాని చుట్టూ వేళ్లలాగా అంచులు ఉంటాయి. ప్లేట్ల చెవులు ఆ వేళ్ల సందుల్లో అటూ ఇటూ జరుగుతాయి. లివర్ నొక్కినప్పుడు ప్లేట్లు జరిగి ఒకదాని నుంచి ఒకటి విడిపోవాలి. అప్పుడే ఇంజిన్ బలం చక్రానికి పోకుండా ఆగుతుంది.

“అయ్యగారూ, గిటు జూడుండ్రి,” అని మా వేలు పట్టుకుని ఆ అంచు మీద పెట్టాడు. కంటికి సరిగా కనపడలేదు గానీ వేలికి తగిలింది. వరుసగా గాట్లు. ఏళ్ల తరబడి పాత ప్లేట్ల చెవులు కొట్టీ కొట్టీ ఆ మెత్తని అల్యూమినియంలో గాళ్లు చేశాయి. పాత ప్లేట్లు అరిగి పలచబడ్డాయి, వాటి గాళ్లలో అవి ఎలాగో కదిలేవి. కొత్తవి మందంగా ఉంటాయి కదా, ఆ గాళ్ల అంచుల మీద చిక్కుకున్నాయి. లివర్ నొక్కినా జరగలేకపోయాయి.

“కొత్త ప్లేట్లది తప్పు లేదు. పాత గాడి ఇడుస్తలేదు,” అన్నాడు.

అతను బండి గురించే అన్నాడు. మాకు మాత్రం ముందు రోజు రాత్రి మాట గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాం.

ప్రియులారా, మన భాషలో గాడిలో పడటం అంటే మంచి మాట. వాడి బతుకు గాడిలో పడాలని ప్రార్థిస్తాం. కానీ ఒక మనిషి గురించి మన మనసులో పడిపోయిన గాడి కూడా ఉంటుంది. అతను ఏళ్ల తరబడి తాగి వచ్చినప్పుడు మనకు తగిలిన దెబ్బలు నిజమైనవే. ఆ గాట్లు ఊరికే పడలేదు. కానీ దేవుడు ఆ మనిషిని మార్చి మన మధ్యకు తెచ్చినప్పుడు మనం అవే గాట్లతో పట్టుకుంటాం. క్షమించాం అని లివర్ నొక్కుతాం, లోపల మాత్రం విడవం. చివరికి బండి గుంజితే కొత్త ప్లేటు మంచిది కాదంటాం.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చూడండి. దమస్కు దారిలో ప్రభువును ఎదుర్కొన్న సౌలు కొత్తవాడయ్యాడు. యెరూషలేముకు వచ్చి శిష్యులతో కలవబోతే వాళ్లు భయపడ్డారు, అతను శిష్యుడని నమ్మలేదు. వాళ్ల భయానికి కారణం ఉంది, ఎంతోమందిని హింసించినవాడు కదా. అయినా బర్నబా ఒక్కడు అతని దగ్గరికి వెళ్లి, వెంటబెట్టుకుని అపొస్తలుల ముందు నిలబెట్టి, అతనికి జరిగింది వివరించాడు. 11వ అధ్యాయంలో ఆ బర్నబాయే తార్సు దాకా వెళ్లి, సౌలును వెతికి, అంతియొకయకు తీసుకొచ్చాడు. ఇద్దరూ ఏడాది పాటు కలిసి బోధించారు. సౌలును మార్చింది ప్రభువు. ఆ మారినవాడికి సంఘంలో చోటు చేసే పని మాత్రం ఒక మనిషి చేతికి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మత్తు మానడం ఒక్క రోజు పని కాదు. వైద్యం కావాలి, తోడు కావాలి, తూలితే పట్టుకునేవాళ్లు కావాలి. నమ్మడం అంటే కళ్లు మూసుకోవడం కాదు. కానీ ఎవరినైనా అనుమానించే ముందు కవర్ విప్పి చూడాలి. మేము చూడలేదు.

తమ్ముడు ఆ హౌసింగ్‌ను ఇంజిన్ నుంచి బయటికి తీసి, ప్రతి వేలినీ ఆకురాయితో మెల్లగా నున్నగా రాశాడు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కాకుండా. పొడి ఇంజిన్‌లోకి పోకూడదని కిరోసిన్‌తో కడిగాడు. “గాట్లు జర పైపైన్నే ఉన్నయి కాబట్టి రాస్తే పోయినయి. లోతుగ ఉంటె డబ్బానే మార్చాలె. మస్తుగ రాసినా పాడే,” అన్నాడు. మధ్యాహ్నానికి బిగించాడు. క్లచ్ నొక్కితే బండి కదలకుండా నిలబడింది. వదిలితే మెత్తగా సాగింది.

ఆ ఆదివారం ఆరాధనలో మేము లేచి, అందరి ముందు అతనిని క్షమాపణ అడిగాం. ఆ మాట అన్న పెద్దాయన కూడా లేచి అడిగారు. తమ్ముడు తల వంచుకుని, “బండి మంచిగైంది గద అయ్యగారూ, చాలు,” అన్నాడు. బండి తాళం ఇప్పుడు అతని దగ్గరే ఉంటుంది.

ఈ వారం మీ ఇంట్లో, మీ వాడకట్టులో, మారి తిరిగి వచ్చినవాళ్లను ఒకసారి తలచుకోండి. కొడుకు కావచ్చు, తోడికోడలు కావచ్చు, అప్పు ఎగ్గొట్టి ఇప్పుడు తీర్చుతున్న అన్న కావచ్చు. వాళ్లను పాత పేరుతో పిలుస్తున్నామా? మన మనసు అంచు మీద వేలు పెట్టి చూసుకుందాం.

ప్రార్థన: ప్రభువా, మా లోపల పడిన గాట్లు మాకే కనపడటం లేదు, నీవు చూపించు. పైపైన ఉన్నవి రాసి నున్నన చేయి. లోతుగా ఉన్నచోట కొత్త హృదయమే దయచేయి. నీవు మార్చిన మనిషిని మేము పట్టి ఆపకుండా మమ్మల్ని కాపాడు. యేసు నామమున అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.