ముఠా ధర్మం

తెలుగునాట ధాన్యపు గిడ్డంగిలో బస్తా మోయడం ఒక్కనివల్ల అయ్యే పని కాదు. 50 కిలోల బియ్యపు బస్తాను ఇద్దరు హమాలీలు మూడవవాని వీపుకెత్తుతారు. నెట్టుమీద నిలిచినవాడు దానిని అందుకొని వరుసలో అమరుస్తాడు. ఎత్తేవాడు తొందరపడినా, అందుకొనేవాడు ఏమరినా మోసేవాని నడుముకే ముప్పు. అక్కడ ఒకరి క్షేమం మరొకరి చేతిలో ఉంటుంది.

కూలి బస్తాల లెక్కన వస్తుంది. సాయంకాలం దానిని సమంగా పంచుకొనడం అనేక ముఠాల ఆచారం. స్నేహానికి అసలు పరీక్ష అప్పుడే. వయసు మళ్ళినవాడు 40 బస్తాలు మోసేలోగా కుర్రవాడు 60 మోయవచ్చు. 'ఇద్దరికీ ఒకటే వాటా ఏమి న్యాయం?' అని అతని మనసు అడుగకపోదు.

అయితే నెట్టు కట్టే నేర్పు ఆ పెద్దవానిదే. ఒక వరుస నిలువుగా, మరొక వరుస అడ్డంగా, గోడలో ఇటుకలవలె బస్తాలను పేర్చకపోతే నెట్టు ఒరుగుతుంది. దాని నీడలో రోజంతా తిరిగేది కుర్రవాడే. ఆ నేర్పును అతనికి పదిమందిలో చులకన చేయక, పక్కన నిలబెట్టుకొని నేర్పడం పెద్దవాని ధర్మం.

నడుము వంగిన నాడు తనకూ ఆ సమాన వాటాయే ఆధారమని గ్రహించినప్పుడు కుర్రవాడు ముఠా మనిషి అవుతాడు.