తోడుకోని పెరుగు

చలి దిగిందని మా ఇంట్లో అందరికంటే ముందు చెప్పేది పెరుగు. దీపావళి పోయిన పది పదిహేను రోజులకు ఒక పొద్దున మూత తీసి చూస్తే గిన్నెలో పాలు పాలలాగే ఉంటాయి. తోడు ఎక్కువ వేసినా అంతే, గిన్నెను కదిపితే తొణుకుతాయి. ఆ రాత్రి నుంచి గిన్నె బియ్యం డబ్బాలోకి మారుతుంది. మా అత్తమ్మ ఉన్నప్పుడైతే కట్టెల పొయ్యి పక్కన వెచ్చటి బూడిద మీద పెట్టేది. నేను విసుక్కుంటుంటే, "పెరుగే పేరుకుంటలేదు, ఇగ మడిల మొల్క ఎట్లుందో సూసి రాపో" అనేది. కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో నాకు నవ్వొచ్చేది. డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని, పెరుగుకూ నారుమడికీ సంధి ఎట్లా కుదురుతుందో అర్థమయ్యేది కాదు.

మాది మాచారెడ్డి. కామారెడ్డి నుంచి సిరిసిల్ల పోయే రోడ్డు మీద ఉంటుంది. చుట్టూ గుట్టలు, అడవి. కాలువ నీళ్లు ఎరగం. వాన పడితే చెరువు, లేకపోతే బోరు. కార్తీకం వెళ్లేసరికి గుట్టల మీంచి వచ్చే గాలి చెవులు కోస్తుంది. టీవీలో సిర్పూరు, కోహీరు పేర్లు చెబుతుంటారు గానీ, తెల్లవారుజామున నాలుగింటికి కొట్టంలో పేడ తీసేవాళ్లకు ఏ ఊరైనా సిర్పూరే.

అట్లాగని చలి అంటే శత్రువేమీ కాదు. చలి పడకపోతే శనగ సరిగా కాయదు. చెరుకులో తీపి దిగేది ఈ చలి రాత్రుల్లోనే. మామిడి పూత పట్టేదీ చలికే. కాకపోతే దట్టంగా పొగమంచు పట్టిందంటే అదే పూతకు తేనెమంచు పురుగు, బూడిద తెగులు వచ్చి నల్లబడి రాలుతుంది. కందికీ అంతే. పూత మీదున్నప్పుడు నాలుగు రోజులు మబ్బూ మంచూ కలిస్తే పూతను గూళ్లు కట్టి తినేసే పురుగు వస్తుంది. పెరట్లో చిక్కుడు తీగకు నల్లగా పేను పడితే నేను బూడిద చల్లుతాను. చలి మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, ఏ చేను, ఏ నెల అని ఎదురు అడగాలి.

వరి మాటే వేరు. యాసంగి వరికి నారు పోసేది చలి బాగా ముదిరే రోజుల్లోనే. అసలు బాధ మొలక దగ్గరే మొదలవుతుంది. వానాకాలంలో వడ్లు ఒక రోజు నానబెట్టి, ఒక రోజు మూట కట్టి పెడితే తెల్లగా ముక్కు పగులుతుంది. చలికాలంలో మూడు రోజులైనా కదలదు. గోనె సంచి మీద గోరువెచ్చని నీళ్లు చల్లి, వరిగడ్డి కప్పి, దాని మీద బరువు పెట్టి, రాత్రి లేచి చెయ్యి పెట్టి చూసుకోవాలి. మూట లోపల వెచ్చగా తగిలితే బతికినట్టే. తోడు పెట్టిన గిన్నెకు చేసే సేవే ఇది కూడా. అత్తమ్మ చెప్పిన సంధి ఇదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొలక అలికినాక ఇంకో నెల కాపలా. రాత్రంతా మడిలో నిలిచిన నీళ్లు మంచులా చల్లబడతాయి. ఆ చల్లదనానికి వేరు పని చెయ్యదు. మట్టిలో జింకు ఉన్నా తీసుకోలేదు. ఆకు ముందు పసుపు రంగుకు, తర్వాత ఇటుక రంగుకు తిరిగి, నారు పెరగకుండా అట్లాగే ఉండిపోతుంది. అందుకే పొద్దున్నే రాత్రి నీళ్లు తీసేసి బోరు నీళ్లు పెట్టాలి. చలికాలం పొద్దున బోరు నీళ్లు చూశారా ఎప్పుడైనా? పైపులోంచి పొగలు కక్కుతూ వస్తాయి, చెయ్యి పెడితే ప్రాణం లేచి వస్తుంది. భూమి లోపల చలీ ఎండా తెలియవు కదా. సాయంత్రం కట్టెలు పాతి, వాటి మీద పరదాలు, విప్పి కుట్టిన యూరియా సంచులు కప్పి, పొద్దెక్కినాక తీసేయాలి. రాత్రి కరెంటు రోజుల్లో మా మామ టార్చిలైటు, కర్ర పట్టుకుని అర్ధరాత్రి మోటరు పెట్టడానికి పోతే, తిరిగొచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టేది కాదు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చినాక ఆ భయం మాత్రం తీరింది. అది చూడటానికి మామ లేడు.

నేను చెప్పాలనుకున్నది ఆ సంవత్సరం డిసెంబరు గురించే.

మా ఆయన అప్పటికి రెండేళ్లుగా దుబాయిలో ఉన్నాడు. మా వైపు ఇల్లు విడిచి ఇల్లు ఇదే కథ. ఇంట్లో నేను, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు, ఒక బర్రె. ఎకరం వరి, మిగతాది మక్క. డిసెంబరు 7న ఓట్లు వేసి వచ్చిన మర్నాడు మొలక అలికించాను. ఒక్కదాన్నే నిలబడి చేయించిన మొదటి యాసంగి అది. రెండు గుంటల మడి సూదిమొలకలతో పచ్చగా కనిపిస్తే ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

నాలుగు రోజులకు బర్రె ఈనింది. పెయ్య దుడ్డె. ఇంట్లో పండగే అయింది. అత్తమ్మ ఆ రోజు ఊళ్లో లేదు, చిన్నాడపడుచు దగ్గరికి పోయింది. నేను చేసిన పని ఏమిటంటే, మొదటి పాలన్నీ పిండి జున్ను వండాను. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి. చుట్టుపక్కల నాలుగిళ్లకు గిన్నెల్లో పోసి పంపాను. దుడ్డెకు చివర్లో ఇంత వదిలాను. అందరూ జున్ను బాగుందన్నారు. బాగానే ఉంది కూడా.

తర్వాత పశువుల దవాఖాన డాక్టరు చెప్పాడు, పుట్టిన గంట రెండు గంటల్లోపు ఆ ముర్రుపాలు కడుపునిండా తాగితేనే దుడ్డెకు రోగాన్ని తట్టుకునే బలం వస్తుందని. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆ బలం దానికి అందదట. ఒక రోజు దాటితే ఎన్ని పాలు తాపినా ఆ లోటు తీరదట. అత్తమ్మ ఉంటే మొదటి పూట పాలు దుడ్డెకే వదిలేది. జున్నుకు ఆ తర్వాతి పూటల పాలే తీసేది. ఎందుకని ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె చెప్పలేదు. నేను మాత్రం జున్ను రుచి నేర్చుకున్నాను గానీ ఆ వరస నేర్చుకోలేదు.

డిసెంబరు 17న పెథాయ్ తుఫాను ఆంధ్రా తీరం దాటింది. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మాకూ ముసురు, ఈదర గాలి. పొద్దు మొహం కనపడలేదు. పగలు కూడా పిల్లలు దుప్పట్లు విడవలేదు. కొట్టానికి గాలి వచ్చే వైపు తడిక విరిగి ఉంది. మా ఆయన వచ్చినప్పుడు చేయిద్దామని ఆగిన పనుల్లో అదొకటి. కింద గడ్డి తడిసింది. రెండో రోజుకు దుడ్డె దగ్గడం మొదలుపెట్టింది, ముక్కు కారింది, తల్లి దగ్గరికి పోయినా పాలు పట్టలేదు.

మూడు రాత్రులు నేనూ అత్తమ్మా కొట్టంలోనే ఉన్నాం. ఆమె మామ గొంగడి తెచ్చి దుడ్డె మీద కప్పింది. ఆ గొంగడి గురించి ఒక మాట చెప్పాలి. మా ఊరి కురుమల మందల్లో ఉండే దక్కనీ నల్లగొర్రెల ఉన్నితో నేసింది అది. వానకు తడిసినా లోపలికి చుక్క దిగదు, చలికి దాన్ని మించింది లేదు. 2017లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు లెక్కన ఇచ్చినప్పుడు ఆంధ్రా నుంచి పొడుగు కాళ్ల గొర్రెలు చాలా వచ్చాయి. వాటికి మాంసం ఎక్కువ, ఉన్ని లేదు. మా పక్క వీధి కురుమ తాత ఒకసారి మంట కాగుతూ అన్నాడు, "మా గొర్రె తన గొంగడి తానే కప్పుకోని పుడ్తది బిడ్డా, వీటికి నేనే కప్పాలె" అని. ఆయన ఇప్పటికీ మంచు ఆరే దాకా మందను విడవడు. తడి గడ్డి మేస్తే కడుపు ఉబ్బుతుంది, గడ్డి కొసన ఉన్న పురుగులు లోపలికి పోతాయని. గొర్రెలన్నీ దొడ్లో అరుస్తుంటే కూడా ఎండ కోసం అట్లాగే కూర్చుంటాడు.

గొంగడి కప్పినా, పొగ వేసినా, సూదులు వేయించినా మా దుడ్డె నాలుగో రోజు తెల్లవారుజామున పోయింది. బర్రె దాన్ని వాసన చూసి చూసి అరిచింది. దుడ్డె లేకపోతే బర్రె చేపదు. తవుడు, పత్తిచెక్క పెట్టి, ఒళ్లు నిమిరి, అత్తమ్మ ఎంతో సేపు కూర్చుంటే లీటరున్నర వచ్చేవి. చలికాలం పాలలో వెన్న ఎక్కువుంటుంది, కేంద్రంలో రేటు బాగా పడుతుంది. ఆ పాల పైసలతోనే పిల్లల ఫీజు కడదామని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క పోయింది.

అసలు సంగతి అప్పటికి ఇంకా తెలియలేదు. ఈ నాలుగు రోజులూ నేను మడి వైపు పోలేదు. సంచులు కప్పలేదు, నీళ్లు మార్చలేదు. దుడ్డెను పూడ్చి, స్నానం చేసి, ఎండ వచ్చింది కదా అని పొలానికి పోయాను. ఒరం మీద నిలబడ్డాను. మడి ఎర్రగా ఉంది. మంట అంటుకుని ఆరినట్టు. ఏడుపు కూడా రాలేదు, మొలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, పిచ్చిదాన్లా.

ఆ సాయంత్రమే ఇమోలో మా ఆయన వీడియో కాల్. "నారెట్లుంది? జర సూపియ్యి" అన్నాడు. దుడ్డె సంగతి చెప్పలేదు. అక్కడ ఆయన పన్నెండు గంటల డ్యూటీ చేసి గదిలో ఆరుగురితో పడుకుంటాడు, ఈ మాట విని ఏం చేస్తాడు? ఇంత చిన్న పని చేతకాలేదా అంటాడేమోనన్న భయం కూడా ఉంది, అది దాచను. ఫోను పట్టుకుని మా ఒరం దాటి నాలుగడుగులు నడిచి, పక్క పొలం పెద్దమ్మ వాళ్ల మడి చూపించాను. వాళ్లు పూట తప్పకుండా పరదాలు కప్పారు. పచ్చగా నిగనిగలాడుతోంది. "మంచిగున్నది" అన్నాడు. "ఆఁ, మంచిగున్నది" అన్నాను.

మర్నాటి నుంచి అత్తమ్మా నేనూ మడిని దుడ్డెను చూసినట్టే చూశాం. పొద్దున నీళ్లు మార్చడం, సాయంత్రం కప్పడం. మందుల దుకాణంలో జింకు సల్ఫేటు ఇచ్చారు, లీటరు నీళ్లకు రెండు గ్రాములు కలిపి పిచికారీ చేశాం, ఐదు రోజులకు మళ్లీ ఒకసారి. కొత్త ఆకు పచ్చగా వచ్చింది, కానీ సగం మడికే. నెల రోజులకు పీకాల్సిన నారు నలభై రోజులు దాటినా వేళ్ల మధ్య నిలబడలేదు. తక్కువ పడ్డ నారు పెద్దమ్మే ఇచ్చింది. పైసలు ఇవ్వబోతే, "నారుకు పైసలేందే పిల్లా, మా నాట్లకు రెండు దినాలు రా" అంది. పోయాను. ఆమె మడిని నాదని చూపించినందుకు నాట్లలో నడుము వంచినప్పుడల్లా ఆమె మొహం చూడలేకపోయాను.

నాట్లు ఆలస్యమైతే ఏమవుతుందో వరి పండించే ఇళ్లల్లో అందరికీ తెలుసు. పొట్ట దశ ఎండల్లోకి జరుగుతుంది, గింజ సరిగా పాలు పోసుకోదు, తాలు ఎక్కువవుతుంది, మరపట్టిస్తే నూక. కోత ఏప్రిల్ చివరికి పోతే రాళ్లవాన ఎప్పుడు పడుతుందోనని ఆకాశం చూస్తూ కూర్చోవాలి. డిసెంబరు చలికి కట్టిన వెల మాకు మే నెల సంచుల్లో కనిపించింది. తిండి గింజలకు సరిపోయాయి, అమ్మడానికి పెద్దగా మిగల్లేదు. రాళ్లవాన మాత్రం ఆ ఏడు మా మీద దయ చూపింది.

మా ఆయన 2021లో పూర్తిగా వచ్చేశాడు. వచ్చిన యాసంగికే మళ్లీ నారు పోశాం. సాయంత్రం ఇద్దరం కలిసి పరదా కప్పుతున్నాం. అత్తమ్మ అప్పటికి పోయి నాలుగు నెలలు. ఎందుకో ఆ రోజు చెప్పాలనిపించింది. దుడ్డె, జున్ను, ఎర్రబడ్డ మడి, పెద్దమ్మ వాళ్ల పచ్చ మడి, మొత్తం చెప్పాను. ఆయన కట్టెకు తాడు కడుతూ విన్నాడు. తల ఎత్తలేదు.

"నాకెరికే" అన్నాడు.

"అత్తమ్మ చెప్పిందా?"

"అమ్మ ఎందుకు చెప్తది? నువ్వు సూపిచ్చిన మడి ఎనుక తాటిచెట్టుండె. మన పొలంల తాటిచెట్టు యాడున్నదే?"

నేను పరదా కొస పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆ తాటిచెట్టు కింద నిలబడే ఫోను తిప్పాను, అది నాకు కనపడనే లేదు. మూడేళ్లు ఏమీ అనకుండా ఎందుకున్నారని అడిగితే, "అడిగితే నువ్వు ఏడుస్తవు, గంత దూరంల ఉండి నేనేం జెయ్యాలె" అని ఇంకో కట్టె పాతడానికి అటు పోయాడు.

నిన్న రాత్రి మళ్లీ పెరుగు తోడుకోలేదు. ఈసారి కొట్టానికి తడిక కొత్తది. బర్రె వచ్చే నెల ఈనాలి. జున్ను అడిగేవాళ్లు ఇప్పటి నుంచే అడుగుతున్నారు, రెండో రోజు దాకా ఎవరికీ లేదని చెప్పేశాను. పొద్దు గుట్ట వెనక్కి పోతోంది, సంచులు కప్పి రావాలి. ఉంటాను మరి.