దారి అడిగేంత జర్మన్

కొత్త భాష నేర్చుకునేవాళ్ళకి ఎక్కడైనా ముందు "నా పేరు ఫలానా, మాది ఫలానా ఊరు" అనే నేర్పిస్తారు. పరాయి దేశంలో కాపురం పెట్టిన ఆడదానికి ముందు కావలసింది అది కాదండీ. నా పేరుతో ఇక్కడ ఎవరికి పని? మందుల షాపు ఎక్కడ, ట్రామ్ ఎక్కడ ఆగుతుంది, డాక్టరమ్మ దగ్గరికి ఎటు వెళ్ళాలి, ఇవీ కావలసినవి.

మావారి ఉద్యోగం వల్ల మేం జర్మనీలోని హైడల్‌బర్గ్ వచ్చి ఏడాది కావస్తోంది. నెకార్ నది ఒడ్డున ఊరు, కొండ మీద సగం కూలిన ఎర్రరాతి కోట, పాత వంతెన. చూడముచ్చటగా ఉంటుంది. కానీ మొదటి నాలుగు నెలలూ ఆ అందమంతా నేను ఎవరో ఒకరి వెనకాల నడుస్తూనే చూశాను. శని, ఆదివారాల్లో మావారు, మిగతా రోజుల్లో పదో తరగతి చదివే మా అమ్మాయి. దాని నోరే నా నోరు. షాపులో అది మాట్లాడుతుంటే నేను సంచి పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. "ఏమందే ఆవిడ?" అంటే "ఏం లేదులే అమ్మా, పద" అనేది. వాళ్ళిద్దరూ పది వాక్యాలు మాట్లాడుకుంటే నా వాటాకి వచ్చేది ఆ ఒక్క ముక్క.

ఇక్కడ చాలా ఊళ్ళలో పెద్దవాళ్ళకి చదువు చెప్పే ఫోల్క్స్‌హోఖ్‌షూలె అని ఉంటుంది. అందులో ఏ1, అంటే మొదటి మెట్టు తరగతిలో చేరాను. మూడో వారానికే మా టీచరమ్మ తలా ఒక ఊరి పటం ఇచ్చి, ఒకర్నొకరు దారి అడగమంది.

ముందు "ఎంట్‌షుల్డిగుంగ్" అనాలి. మన "ఏమండీ" లాంటిదే కానీ, అందులో "షుల్డ్" అంటే తప్పు, ఆ తప్పు తీసేయమని అడగడం. దారి అడగడానికి ఇంత ప్రాయశ్చిత్తమా అనిపించింది! ఆ తర్వాత "వీ కొమ్మె ఇష్ ట్సుమ్ బాన్‌హోఫ్?" స్టేషన్‌కి ఎలా వెళ్ళాలి అని. అదే మందుల షాపుకైతే "ట్సుర్ అపోటేకె". ఆ ట్స అనే అక్షరం దగ్గర తరగతిలో సగం మంది నాలుక మడతపడింది. ఇంగ్లీషు మీడియంలో చదివిన మా అమ్మాయి కూడా మొదట్లో "జూమ్" అనేదట. నాకు చిటికెలో వచ్చింది. మన "చుక్క", "చాప"లో ఉన్న చకారమే కదా! డిగ్రీలో దంత్య చకారం గురించి చదువుకున్నది ఈ దేశంలో అక్కరకొస్తుందని ఎవరనుకున్నారు?

ట్సుమ్, ట్సుర్ తేడా కూడా తెలుగుతోనే అర్థం చేసుకున్నాను. వీళ్ళకి వస్తువులకి కూడా మూడు లింగాలు. స్టేషన్ పుంలింగం, మందుల షాపు స్త్రీలింగం, మున్సిపల్ ఆఫీసు (రాట్‌హౌస్ అంటారు, ఎలుకల ఇల్లు కాదు) నపుంసకం. "కి" అనేటప్పుడు మగవాడూ, వస్తువూ ఒక జట్టు, వాళ్ళకి ట్సుమ్. ఆడది విడిగా, ఆమెకి ట్సుర్. మనకి తిరగేసి. ఆడమనిషీ వస్తువూ కలిసి "వచ్చింది", మగవాడొక్కడూ విడిగా "వచ్చాడు". ఏ జట్టులో వేసినా వేరు చెయ్యడం మాత్రం మానలేదు ఎవరూ.

ఇంకో సుళువు దొరికింది. ఎంత పొడుగు మాటైనా చివరి ముక్కని బట్టే లింగం. మన తత్పురుషలో ఉత్తరపదానికే ప్రాధాన్యం ఉన్నట్టు. చివర "ష్ట్రాసె" ఉంటే వీధి, ట్సుర్. "ప్లాట్స్" ఉంటే కూడలి, ట్సుమ్. ఊళ్ళో సగం చోట్లు ఈ రెండింటితోనే గడిచిపోతాయి.

అన్నట్టు, ఎవరైనా కొత్తగా వస్తే ఇది గుర్తుంచుకోండి. "డ్రోగెరీ" అని బోర్డుంటే మందులు ఉంటాయనుకుని వెళ్ళకండి. అక్కడ సబ్బులు, షాంపూలు, పిల్లల డైపర్లు. తలనొప్పికి పారాసిటమాల్ కావాలన్నా ఎర్రటి పెద్ద "ఎ" అక్షరం ఉన్న అపోటేకెకే వెళ్ళాలి.

అడగడం ఒక ఎత్తు. అవతలివాళ్ళు గడగడా చెప్పే జవాబు వినడం ఇంకో ఎత్తు. లింక్స్ అంటే ఎడమ, రెష్ట్స్ అంటే కుడి, గెరాడెఔస్ అంటే తిన్నగా. చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పమని మా టీచరమ్మ సలహా. తేడా ఉంటే వాళ్ళే సరిచేస్తారు. మన ఊళ్ళో తెలియనివాడు కూడా "అదిగో, ఆ వేపచెట్టు దాటాక" అని ఏదో ఒక దారి పెడతాడు. ఇక్కడ తెలియకపోతే తెలియదనేస్తారు.

నాకు ఈ చదువు ఇంత తొందరగా ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పలేదు కదూ. నలభై దాటాక మనకి మొదలయ్యే సంగతులు మీకు విడమర్చక్కర్లేదు. నెలకి రెండుసార్లు, అదీ విపరీతంగా. ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మావారు సెలవు పెడతానన్నారు. అమ్మాయి "బడి మానేసి వస్తానమ్మా" అంది. నా ఒంటి సంగతి పదిహేనేళ్ళ పిల్ల నోటి మీదుగా బయటికి రావడం నాకిష్టం లేదు. అవసరమైతే ఇంగ్లీషులో మాట్లాడతానని డాక్టరమ్మ ముందే చెప్పింది. మిగిలింది దారి ఒక్కటే. ఫోనులో మ్యాపు చూసుకున్నాను, కానీ ఆ రోజు రోడ్డు తవ్వి ట్రామ్‌ని వేరే దారిలో పంపి, నన్ను బిస్మార్క్‌ప్లాట్స్‌లో దింపేశారు.

చక్రాల బండి తోసుకుంటూ ఒక ముసలావిడ వస్తోంది. ఎంట్‌షుల్డిగుంగ్ అని, వీధి పేరుకి ట్సుర్ తగిలించి అడిగాను. ఆవిడ ఆగి, చెయ్యి చాపి చెప్పింది. గెరాడెఔస్, సిగ్నల్ దగ్గర లింక్స్, రెండో వీధి రెష్ట్స్. అప్పజెప్పాను. తలూపి, ఇంటి నంబరు ఎంత అంది. "ఐన్ ఉంట్ ట్స్వాన్‌ట్సిష్" అన్నాను. ఒకటీ ఇరవై, అంటే ఇరవై ఒకటి. ఏటా వినాయక చవితికి ఏకవింశతి పత్రపూజ చేసే నాకు అది తిరకాసు లెక్క కాదు. "అయితే ఎడమ వైపు" అని నా చెయ్యి తట్టి వెళ్ళింది.

వెళ్ళాను. మనలా పెద్ద బోర్డులేం లేవు, మామూలు ఇంటి గుమ్మం పక్కన చిన్న పలక, గంట మీట. డాక్టరమ్మ నిదానంగా విన్నది, స్కానింగ్ చేసింది, రక్తపరీక్ష రాసింది. కంగారు పడాల్సిందేం లేదంది. తిరిగొచ్చేటప్పుడు కౌంటర్ దగ్గరి అమ్మాయి వచ్చే వారం "హాల్బ్ డ్రై"కి రమ్మంది. డ్రై అంటే మూడు, హాల్బ్ అంటే సగం. మూడున్నర కాదట, మూడుకి అరగంట ముందు, అంటే రెండున్నర! "లాంగ్‌జామ్ బిట్టె", మెల్లగా చెప్పమ్మా, అని కాగితం మీద రాయించుకున్నాను. 14:30 అని రాసిచ్చింది.

సాయంత్రం అమ్మాయి ఇంటికి రాగానే అడిగింది, "డాక్టరేమంది అమ్మా?"

"ఏం లేదులే, పద, కాఫీ కలుపుతా" అన్నాను.