చింతకింద దేవా

ఎండలు ముదిరాయంటే భేజ్జిలో మా మామకు తిండీ నిద్రా ఉండవు. ఆయన ఫడ్ మున్షీ. తునికాకు కట్టలు తెచ్చి ఆరబెట్టే చోటును మనవైపు కల్లం అంటాం, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలోకి వెళ్తే అదే ఫడ్. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలైతే ఒక మానక్ బోరా. ఎవరు ఎన్ని కట్టలు తెచ్చారో సాయంత్రాలు మామ నోటుబుక్కులో ఎక్కిస్తాడు. మాట్లాడేది తెలుగూ దోర్లీ, రాసేది హిందీ.

ఆ పుస్తకాన్ని కంప్యూటర్‌లో పెట్టిస్తానని నేనే నోరు జారాను. నెట్ ఉండీ లేనట్టుండే ఊరు కాబట్టి ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ప్రోగ్రాం ఎంచుకున్నాను. డబ్బు కట్టక్కర్లేదు, డేటాబేస్ మొత్తం ఒక్క ఫైలులో ఇముడుతుంది. 2000లో రిచర్డ్ హిప్ దాన్ని రాసింది అమెరికా యుద్ధనౌకలో పని కోసమట. ఇప్పుడది తునికాకు లెక్కకొచ్చింది.

మొదటిరోజు ఒకటే పట్టిక గీశాను: తేదీ, పేరు, ఊరు, కట్టలు, డబ్బు. గంటలో రెండు పేజీలు ఎక్కించి, మనిషికెన్ని కట్టలో కూడమన్నాను. ఒకే మనిషి నాలుగు చోట్ల తేలాడు. మడకం, మడ్కం, మడ్కామ్. నాలుగోది చూడటానికి మొదటిదే, కానీ చివర నా వేలు తగిలి ఒక ఖాళీ పడింది. కంటికి కనపడని ఆ ఖాళీ కూడా యంత్రానికి అక్షరమే.

సరే, స్పెల్లింగులన్నీ ఒక దారికి తెచ్చాను. ఈసారి ఇద్దరు మనుషులు ఒకడైపోయారు! ఇంటిపేరు ఒకటే, పేరు దేవా, ఇద్దరి తండ్రులూ జోగాలే. పుట్టినతేదీతో విడదీద్దామని ఆధార్ కార్డులు అడిగితే ఇద్దరిదీ జనవరి 1. తేదీ తెలియనివాళ్లందరినీ మన దేశంలో ఆరోజే పుట్టిస్తారు కదా.

"నువ్వెట్లా గుర్తుపడతావు మామా?"

"ఒకడు చింతకింద దేవా, ఇంకొకడు ఒర్రె అవతలి దేవా. పుస్తకంలో రాయాల్నా అది?"

రాయాలి. మామ తలలో ఉన్నదే అసలు డేటాబేస్, పుస్తకం దానికి గుర్తుల చీటీ. 1970లో ఐబీఎంలో ఎడ్గార్ కాడ్ సమాచారాన్ని పట్టికలుగా చూడాలని రాశాడు. ప్రతి వరుసనూ గుర్తుపట్టడానికి ప్రైమరీ కీ ఉండాలన్నాడు. చదువుకునేటప్పుడు అది పరీక్షకు రాసే నిర్వచనం. దాని అవసరం నాకు తెలిసొచ్చింది ఇద్దరు దేవాల వల్ల.

పట్టికను చెరిపి మూడు చేశాను. మనుషుల పట్టికలో మనిషికొక నంబరు, పేరు, ఊరు, పిలుపు. పేరు ఆ ఒక్కచోటే ఉంటుంది, తప్పు దిద్దినా ఒక్కచోటే. రోజువారీ పట్టికలో తేదీ, ఆ నంబరు, కట్టలు, అంతే. మూడోది రేట్లది. 2019లో బోరాకు 4000 రూపాయలు చేశారు, 2024లో 5500. డబ్బు గడి తీసేశాను. 120 కట్టలంటే 660 రూపాయలని అడిగినప్పుడు యంత్రమే చెబుతుంది, పాత ఏడాది లెక్క పాత రేటుతోనే వస్తుంది.

ఒక్కటి మాత్రం ఏ గడిలోనూ పట్టలేదు. మామ పుస్తకం అంచుల్లో చిన్న రాతలుంటాయి: ఈ ఆకు చెల్లెలిది, అక్క పేరిట రాశాం, ఇతనికి జ్వరం, కొడుకు తెచ్చాడు. కట్టలు తెచ్చిన మనిషీ, డబ్బు అందాల్సిన మనిషీ వేరైతే నా పట్టికలో చోటే లేదు. అప్పటికి 'వివరం' అని ఒక గడి పెట్టి సరిపెట్టాను. ప్రోగ్రాములు రాసేవాళ్లు దీన్ని సోమరితనం అంటారు. అననివ్వండి.

మర్నాడు ఫడ్‌కు వెళ్లేసరికి మామ పాత పుస్తకంలోనే రాస్తున్నాడు. వంగి చూస్తే పేరు పక్కన, హిందీ అంకెల్లో, నేనిచ్చిన నంబరు 17.

"నంబరు చెప్పి పిలుస్తున్నావా మామా?"

"పిలిస్తే పలుకుతాడా అల్లుడూ?" అని తల తిప్పి కేకేశాడు, "ఏ చింతకింద దేవా, నీ కట్టలెన్నిరా!"