గిచ్చితే చప్పుడు కాదు

సింగరేణి బొగ్గుగనుల క్వార్టర్లలో పిల్లల్ని కొట్టడం కన్నా గిచ్చడమే ఎక్కువ. ఇది నేనెక్కడా చదివింది కాదు, గోలేటి టౌన్‌షిప్పులో పెరిగిన నా తొడలకు తెలిసిన సంగతి. దీనికంతటికీ మూలం బాపు డ్యూటీ. పొద్దున ఏడు నుంచి మూడు, మూడు నుంచి రాత్రి పదకొండు, పదకొండు నుంచి తెల్లారి ఏడు. బాయి మూడు షిఫ్టులు నడుస్తుంటే లైన్లో ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు పట్టపగలు నిద్రపోతూనే ఉంటారు. పక్కింటికీ మనింటికీ ఉన్నది ఒకటే గోడ. మేం అల్లరి చేస్తే అమ్మ అరవడానికి లేదు. కొడితే చప్పుడు, ఆ పైన మా ఏడుపు అంతకు మించిన చప్పుడు. అందుకని తొడపాశం. రెండు వేళ్ల మధ్య కాస్త కండ దొరకబుచ్చుకుని, తాళంచెవి తిప్పినట్టు పావు చుట్టు తిప్పేది. "సప్పుడు చెయ్యకు, బాపు పండుకున్నడు." కిక్కురుమంటే ఇంకోటి.

చుట్టాలింట్లో రెండో లడ్డూకి చెయ్యి చాపినప్పుడూ అంతే. అమ్మ మొహం మీద నవ్వు చెదరదు, అవతలావిడతో మాట తెగదు, కొంగు చాటున మాత్రం చెయ్యి తన పని తను చేసుకుపోయేది. చెంపదెబ్బ నలుగురికీ కనబడుతుంది, వినబడుతుంది. గిచ్చుడు గిచ్చినవాళ్లకూ పడినవాళ్లకూ తప్ప మూడో మనిషికి తెలియదు. దాని బలమంతా అక్కడే ఉంది, దాని పాడుబుద్ధీ అక్కడే ఉంది.

బడిలో మా సారొకాయన చెవితమ్మె వెనక చిన్న సుద్దముక్క పెట్టి నలిపేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎరుపు కూడా మిగిలేది కాదు, అమ్మకు చూపించుకుందామంటే. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షను బడిలో పిల్లల్ని శారీరకంగా దండించకూడదంది. మా చెవులకు ఆ చట్టం ఆలస్యంగా వచ్చింది.

పెద్దవాళ్ల లోకంలో గిల్లి జోల పాడటం వేరే విద్య. 1998లో సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాక గేట్ మీటింగుల్లో ఆ మాట తెగ వినబడేది. ప్రతి నాయకుడి లెక్కలోనూ గిల్లేదీ జోల పాడేదీ పక్క యూనియనే.

ఒక్క గిచ్చుడు మాత్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఎండాకాలం, మా తమ్ముడికి వాంతులు, విరేచనాలు. డిస్పెన్సరీలో డాక్టరమ్మ వాడి బొడ్డుకూ పక్కకూ నడుమ చర్మాన్ని బొటనవేలితో, చూపుడువేలితో నిలువుగా ముడతలా పైకి లేపి వదిలింది. గోరు తగలనివ్వలేదు. ఆ ముడత చదునయ్యేదాకా వంగి చూస్తూనే ఉంది. ఒంట్లో నీరు సరిపడా ఉంటే చర్మం వెంటనే సర్దుకుంటుంది. నెమ్మదిగా సర్దుకుంటే నీరు తగ్గిందని, రెండు సెకన్లు దాటితే బాగా తగ్గిపోయిందని గుర్తు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది స్థాయి వైద్య సిబ్బందికి ఇప్పటికీ నేర్పే పరీక్ష ఇది. యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మామూలుగానైతే ఎవరు ముట్టుకున్నా లైను లేపేసే మా తమ్ముడు ఆ రోజు కిమ్మనలేదు. అమ్మ భయపడింది అందుకే, ముడతను చూసి కాదు. సెలైన్ పెట్టించి, బెల్లంపల్లి ఏరియా ఆస్పత్రికి పంపారు. సాయంత్రానికి వాడు సూది పీకెయ్యమని గోల మొదలెట్టాక గానీ అమ్మ గ్లాసెడు చాయ్ తాగలేదు.

ఇంకో రకం ఉంది. కాలేజీకి పోయే బస్సులో, కిక్కిరిసిన జనంలో, వెనక నుంచి వచ్చే చెయ్యి. అదీ చప్పుడు లేనిదే, ఎవరికీ కనబడనిదే. పిల్లలు నిద్ర చెడగొట్టకుండా అమ్మకు పనికొచ్చిన గుట్టే ఆ వెధవలకూ పనికొచ్చింది. మేం ఆడపిల్లలం జాకెట్టు అంచుకు పిన్నీసు పెట్టుకుని ఎక్కేవాళ్లం. ఒకసారి నా స్నేహితురాలు పిన్నీసు వాడి ఊరుకోకుండా ఆ చేతిని పట్టుకుని పైకెత్తి, "ఇదెవరి చెయ్యి?" అని బస్సంతా వినబడేలా అడిగింది. చెయ్యి గలాయన తర్వాతి స్టేజీలో దిగిపోయాడు. 2013లో చట్టం మార్చి ఇలాంటి వాటికి మూడేళ్ల దాకా జైలు పెట్టారు. మంచిదే. అయితే బస్సులో ముందు పనిచేసేది ఆ కేకే.

ఇప్పుడు నేను ఉంటున్నది ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ బోవెన్ బేసిన్‌లో. ఇక్కడా బొగ్గే. వచ్చిన కొత్తలో ఒకటో తారీకు పొద్దున, గనిలో తిండి తినే క్రిబ్ రూములో తోటి ఉద్యోగిని నా జబ్బ గిచ్చి, ఒక గుద్దు గుద్ది, తిరిగి ఇవ్వడం కుదరదని చెప్పి నవ్వింది. నేను బిత్తరపోయాను. నెల మొదటి రోజున మధ్యాహ్నం లోపు ఎవరు ముందు గిచ్చితే వాళ్లదే గెలుపట, ఇంగ్లండు నుంచి వచ్చిన ఆనవాయితీ. మంత్రగత్తెల్ని పారదోలడానికని ఒక కథ చెబుతారు, నేను పెద్దగా నమ్మను. అందరి ముందూ, చెప్పి మరీ గిచ్చే గిచ్చుడు నాకు అదే మొదలు.

నేను చూసేది డంపర్ల డిస్పాచ్ పని. రాత్రి మూడు దాటాక ఆపరేటరుకు ముంచుకొచ్చే నిద్ర మా ఖైరిగూడ ఓపెన్‌కాస్టులోనైనా ఇక్కడైనా ఒకటే. మా లైన్లో డంపరు నడిపిన బాబాయి ఒకాయన నిద్రాపుకోవడానికి చెవి గిచ్చుకుంటూ తెల్లార్చేవాడు. ఇక్కడ క్యాబిన్‌లో ఒక కెమెరా కనురెప్పల్నే కాపలా కాస్తుంది. కాన్‌బెర్రాలోని సీయింగ్ మెషీన్స్ అనే కంపెనీ ఇలాంటివి తయారుచేస్తుంది. రెప్ప మూతపడి కాస్త ఆగితే కింద సీటు గడగడా వణుకుతుంది, అలారం మోగుతుంది, ఆ కబురు కంట్రోల్ రూముకూ చేరుతుంది. ఆపరేటర్లకు ఆ మూడోదంటేనే చిరాకు.

మొన్న ఫోన్లో అమ్మకు ఇదంతా చెప్పాను. సీటు వణకడం దాకా బాగానే విన్నది. "మరి మీ ఆఫీసోళ్లకు ఎందుకు చెప్పుడు?" అంది. "గిచ్చి ఊకోవాలె గని."