అర్జీ పెట్టండి
బడి విషయంలో అమ్మానాన్నల మాట చెల్లుతుందా అని అడిగేవాళ్లకి నేను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 117 జీవో చూపిస్తాను. 2022లో ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపేయమన్నారు. ఊరూరా తల్లులు బడి గేట్ల ముందు కూర్చున్నారు, అర్జీలు పెట్టారు, టీచర్లూ పోరాడారు. 2025లో ఆ జీవో రద్దయింది. మన రావులపాలెంలో హైవే మీద అరటిగెలల లారీల జోరు చూసినవాళ్లకి, ఎనిమిదేళ్ల పిల్ల పుస్తకాల సంచితో హైస్కూలుకి రోడ్డు దాటి వెళ్లడమంటే ఏంటో వేరే చెప్పాలా?

విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. ఆ కమిటీ తీర్మానం జతచేస్తే అర్జీకి బలం. అర్జీలు తీసుకునే సోమవారం నాడు అమలాపురం కలెక్టరేట్‌లో ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. బాత్రూముల్లో నీళ్లు రాకపోయినా సరే, రాసివ్వండి.