నేల క్రింది యాటలు

ఆటయన్న మాట చెవిని బడగానే మొగము చిట్లించు పెద్దలు మనలో పెక్కుమంది కలరు. అందును వీడియో ఆటయన్నచో చెప్పనక్కరలేదు. శివరాత్రి జాగరణమున తెల్లవారువరకు పచ్చీసు పరచుకొని కూర్చుండు తాతగారికి, మనుమడు గంటసేపు తెరముందు కూర్చుండుట కంటిలో నలుసగును. నేను వారిని నిందింప రాలేదు. ఆ యాటలలో కాలమును మ్రింగునవి కలవు, డబ్బు గుంజునవి కలవు, కసిని పెంచునవియు కలవు. కాని చెడ్డ పుస్తకములున్నవని మనము పిల్లలకు చదువు మాన్పించుట లేదు. మంచి పుస్తకమును వెదకి చేతికిచ్చుచున్నాము. ఆటల విషయమునను అట్లే చేయవలయునని నా మనవి. నలుబదియేండ్ల క్రిందట పుట్టి, మరుగునబడి, నేటికిని ఆడదగిన యాటలు నాలుగింటిని గూర్చి చెప్పదలచితిని. నాలుగును నేల క్రింది యాటలే. వీనినే యేల యేరుకొంటినో తెలియుటకు మా యింటి సంగతి కొంత చెప్పవలసియున్నది.

మాది గోదావరిఖని. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనగా, 1889లో అక్కడ త్రవ్వకము మొదలై, క్రమముగా గోదావరి యొడ్డునగల మా ప్రాంతమునకును సింగరేణి గనులు వ్యాపించినవి. మా బాపు బొగ్గుబాయిలో సర్దారు. సర్దారనగా పనివారికంటె ముందుగా పోయి పనిచోటును పరీక్షించువాడు. కఱ్ఱతో పైకప్పును తట్టి చెవియొగ్గి వినును. ఖంగున మ్రోగినచో గట్టిది; డొల్లగా పలికినచో దానిక్రింద మనిషి నిలువరాదు. గాలిలో మండెడి వాయువున్నదేమో దీపముతో చూచును. బాపు రాత్రి షిఫ్టు చేసివచ్చి పగలు నిద్రించు దినములలో మేము క్వార్టరులో గుసగుసలతోనే మాటలాడుకొనుచుంటిమి.

జపాను దేశపు నింటెండో కంపెనీ 1983లో ఫామికాం అను ఆటయంత్రమును వెలువరించినది. దాని నకళ్ళు 1990ల దశకమున మన పట్టణములకు చేరినవి. టెలివిజనునకు తగిలించు ఆ పెట్టెను మా బజారులో నొక దుకాణమువారు గంటకింతయని ఆడనిచ్చుచుండిరి. దినమునకింతయని యింటికిని పంపుచుండిరి. క్యాసెట్టుపై లక్షల యాటలని అచ్చువేసియున్నను లోపల నుండునవి కొన్ని పదులే. అవే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండెను. మా యీడు మగపిల్లలందఱును మారియో, కాంట్రా అను రెండింటికే యెగబడుచుంటిమి. తక్కినవానిని ముట్టువాడు లేడు.

మా అక్కకు దుకాణము మెట్లెక్కుటకు అనుమతి లేకుండెను. "ఆడిపిల్లకు అండ్ల ఏం పని?" అని నాయనమ్మ అనెను, అంతటితో సరి. బాపు ఆదివారమున ఇద్దఱకును సమముగా పైసలిచ్చుచుండెను. నా పైసలు తీరిన తరువాత అక్క పైసలును అడిగి తీసుకొనిపోయి ఆడుచుంటిని. రెండేండ్లపాటు ఇట్లు జరిగినది. తుదకొకనాడు అక్క, "నా పైసలన్న వాపస్ ఇయ్యి, లేకుంటె పెట్టెనన్న ఇంటికి తే" అనెను. పైసలీయజాలక పెట్టెనే తెచ్చితిని. మారియో మీద నున్న నా చేతిని ప్రక్కకు త్రోసి, అక్క పట్టికను చివరిదాక చూచి, ఎవరును ముట్టని యాటను తెఱచెను. అది డిగ్ డగ్.

నామ్కో కంపెనీ 1982లో చేసిన యాట యిది. పంపు చేతబట్టిన చిన్నమనిషి మన్ను త్రవ్వుకొనుచు నేలలోనికి దిగును. లోపల ఎఱ్ఱని గుండ్రని జీవులు, నిప్పు గ్రక్కు పచ్చని జీవులు తిరుగుచుండును. పంపుతో గాలియూది వానిని పగులగొట్టవచ్చును. లేదా పైనున్న బండను వానిపై పడవేయవచ్చును. నిప్పు ప్రక్కలకే గాని పైకి క్రిందికి రాదు గనుక, ఏ దిక్కునుండి చేరవలెనో ఆలోచించినవాడే గెలుచును. ఎంత లోతున శత్రువును చంపినచో అంత యెక్కువ లెక్క. మార్గమును ఆటగాడే త్రవ్వుకొనుచున్నాడు గనుక, తప్పుదారి పట్టినచో అది యితరులు కట్టిన దారి యని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. ఇందు మిక్కిలి మెచ్చదగినది బండ. దానిక్రింది మన్ను తీయగానే అది పడదు. ఒక్క క్షణము కదలి, పిమ్మట పడును. ఆ క్షణమున ప్రక్కకు తొలగినవాడు బ్రతుకును.

అక్క ఆడుచుండగా బాపు ఎప్పుడు లేచెనో మాకు తెలియదు. వెనుకనుండి "ఆగు, ఆ బండ కదులుతాంది" అను మాట వినబడెను. అక్క తొలగెను; బండ పడెను. బాపు నేలపై కూర్చుండి, "పడేముందు చెప్తాంది చూడు. మా బాయిల కప్పు గూడ అంతే బిడ్డా. చెప్తది. వినెటోడు ఉండాలె" అనెను. గని లోపలి సంగతి ఆయన మాతో పలికిన మొదటి మాట అదియే. అంతవరకు బాపు పని మాకు సైరను మ్రోత, నల్లబడిన బట్టలు, అంతే.

రెండవది లోడ్ రన్నర్. అమెరికా దేశీయుడు డగ్లస్ స్మిత్ దీనిని చేయగా 1983లో వెలువడినది. మఱుసటి యేట హడ్సన్ కంపెనీవారు ఫామికాం యంత్రమునకు తెచ్చిరి. ఇటుకల అంతస్తులు, నిచ్చెనలు, అక్కడక్కడ బంగారము, వెంటబడు కావలివారు. ఆటగాని చేతిలో ఆయుధము లేదు. కుడిప్రక్కనో యెడమప్రక్కనో నేలలో గుంట త్రవ్వగలడు. తన కాళ్ళక్రింద త్రవ్వలేడు. ఆ గుంట కొంతసేపటికి తనంతట తానే పూడుకొనును. దానిలో కావలివాడు పడినచో వాని తలపైనుండి దాటిపోవచ్చును. తానే చిక్కినచో ప్రాణము పోవును. బంగారమంతయు ప్రోగుచేసిన పిమ్మటనే బయటికి పోవు నిచ్చెన కనబడును. దిగుటకు ముందే తిరిగివచ్చు దారిని ఆలోచింపనివాడు ఈ యాటలో నిలువలేడు. వేగముగల చేతులకంటె నెమ్మదిగల బుద్ధికి ఇందు విలువ యెక్కువ. దుకాణమున దీనినెవరును ముట్టకుండుటకు కారణమును అదియే కాబోలు.

ఈ యాటలో మఱియొక సదుపాయము కలదు: ఆటగాడు తన గనిని తానే కట్టుకొనవచ్చును. అక్క ముందుగా గళ్ళ నోటుబుక్కులో పెన్సిలుతో గీసి, గడి లెక్కపెట్టి తెరమీద పేర్చెను. అడుగున నొక గుంటలో బంగారమును, దానిలోనికి ఒక్క నిచ్చెనను పెట్టెను. బాపు చూచి, "దిగినోడు ఎట్ల వస్తడు?" అనెను. ఆ నిచ్చెననే యెక్కి వచ్చునని అక్క చెప్పెను. "అది కూలితె?" అక్క బదులు చెప్పలేదు. "ఇంకో దారి పెట్టు. రెండు దార్లు లేని బాయిల మనిషిని దింపొద్దు." బొగ్గుగనుల నిబంధనలును ఈ మాటయే చెప్పుచున్నవి, భూమిలోని పనిచోటికి బయటికి వచ్చు మార్గములు రెండైనను ఉండవలెను. అక్క మూడుమార్లు తుడిచి గీసెను. సాయంకాలమునకు గని పూర్తియయ్యెను. అంతలో పెట్టెను తిరిగి యీయవలసిన వేళయైనది. కట్టినదానిని దాచుకొను ఉపకరణము జపానులో ఉండెడిది గాని, మా నకలు పెట్టెకు లేదు. మీట నొక్కగానే గని మాయమయ్యెను. నోటుబుక్కు మిగిలెను.

పదవ తరగతి ముగిసిన వేసవిలో అక్క, గనుల డిప్లొమా చదివెదనని అడిగెను. ఇల్లంతయు నవ్వెను. నేనును నవ్వితిని. ఆమె పైసలతో ఆడినదానికంటె ఆ నవ్వే నన్ను నేటికిని ఎక్కువగా బాధించుచున్నది. నవ్వనివాడు బాపు ఒక్కడే. "చట్టం ఒప్పదు బిడ్డా" అనెను. అది నిజమే. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనిచేయనీయలేదు. అక్క గణితము చదివి, పెండ్లాడి, పిల్లలకు లెక్కలు చెప్పుచు కాలము గడపుచున్నది.

తక్కిన రెండాటలును నేను చదువునకు పట్టణము పోయిన తరువాత కంప్యూటరుపై చూచినవి. ఒకటి బౌల్డర్ డాష్. 1984లో వచ్చిన ఈ యాటను పీటర్ లీపా, క్రిస్ గ్రే అను ఇరువురు కెనడావారు చేసిరి. గుహలో మన్ను తొలచుకొనుచు వజ్రములేరుట ఇందలి పని. మన్ను ఆధారముగా నున్నంతవరకు బండ కదలదు. ఆధారము తీసినచో పడును, ప్రక్కబండలును దొరలును. తలపై ఆనియున్న బండ మనము నిలిచియున్నంతసేపు హాని చేయదు. క్రిందికి దిగితిమేని వెంటబడి చంపును. ఒక్క వజ్రమునకై తీసిన పిడికెడు మన్ను గుహ మొత్తమును మార్చివేయును. బొగ్గుగనిలో కప్పును మోయుటకు బొగ్గు స్తంభములనే విడిచి, చుట్టును త్రవ్వుదురు. కడపట ఆ స్తంభములను తీయుపనియే మిక్కిలి ప్రమాదకరమైనది. ఆ సంగతి యెఱిగినవానికి ఈ యాట పిల్లలాటగా తోచదు.

నాలుగవది మానిక్ మైనర్. ఇంగ్లండులో పదునేడేండ్ల బాలుడు మాథ్యూ స్మిత్ 1983లో స్పెక్ట్రమ్ అను చిన్న కంప్యూటరునకు చేసినది. ఇరువది గుహలు, ప్రతి గుహలో తాళపుచెవులేరి ద్వారమును చేరవలెను. తెర అడుగున ఊపిరిగాలి యెంత మిగిలినదో చూపు గీత తఱుగుచుండును. అది తీరినచో శత్రువెవడును లేకున్నను ప్రాణము పోవును. ఇది కఠినమైన యాట; ఓపికలేనివారికి చెప్పను.

ఇచట నొక యాక్షేపణ కలదు. అది యితరులది కాదు, నాదే. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడవ ఎల్.ఈ.పీ. గనిలోనికి నీరు చొరబడి పదునేడుగురు కార్మికులు మరణించిరి. అదే యేడు అక్టోబరులో ఎనిమిదవ ఏ గనిలో కప్పు కూలి పదిమంది పోయిరి. మా వాడలలో ఆ యేడు దీపావళి వెలుగలేదు. ఆ తరువాత చాలకాలము ఈ యాటలను తెఱచుటకు నాకు చేయి రాలేదు. ఆటలో మనిషికి మూడో అయిదో ప్రాణములుండును. బండ పడినను లేచి మరల త్రవ్వును. ఇరుగుపొరుగువారు నిజముగా చచ్చిన చావును తెరమీద వినోదముగా చూచుట తగునా? ఈ మాటను బాపునే అడిగితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఆటల చచ్చి నేర్చుకుంటె మంచిదే గదా. మాకు నేర్పెటందుకు ఎవడో ఒకడు నిజంగ చావాల్సొచ్చేది" అనెను. అంతకుమించిన సమాధానము నాకు నేటికిని దొరకలేదు.

ఈ యాటలు సర్దారులను తయారుచేయునని నేననను. గని గనియే, ఆట ఆటయే. కాని త్రవ్వుటకు ముందు ఆధారమును చూచుట, దిగుటకు ముందు వచ్చుదారిని చూచుట, లాభము కనబడినప్పుడు గాలి యెంత మిగిలినదో చూచుట, ఇవి యే సంసారమునకైనను కావలసిన బుద్ధులు. వీనిని నీతివాక్యములుగా చెప్పినచో పిల్లలు వినరు. పది నిమిషములలో పదిమార్లు ఓడినచో అడుగకయే నేర్చుకొందురు. పైగా ఇవి పందెములేని యాటలు. ఓడినవానిని ఇంకను డబ్బు పెట్టుమని యడుగవు. కాలము మించినదని మీట నొక్కినచో అలుగవు.

2019లో కేంద్రప్రభుత్వము నియమము సడలించి, ఉదయము ఆరు మొదలు సాయంకాలము ఏడువరకు, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులలో స్త్రీలు భూగర్భమునకు దిగవచ్చునని అనుమతించినది. అక్క కూతురు నేడు గనుల ఇంజనీరింగు చదువుచున్నది. క్రిందటి వేసవిలో ఆమె, 2017లో వెలువడిన లోడ్ రన్నర్ లెగసీ అను క్రొత్తరూపమును కంప్యూటరులో పెట్టి, అమ్మమ్మగారింటి పెట్టెలో దొరకిన పాత నోటుబుక్కును ముందుంచుకొని, అక్క గనిని గడి తప్పకుండ మరల కట్టెను. అందులో కట్టినది దాచుకొనవచ్చును. అక్క కండ్లద్దములు తగిలించుకొని ఆడుటకు కూర్చుండెను. బాపుకు చూపు తగ్గినది. మంచముమీదనుండియే, "రెండో దారి ఉన్నదా?" అని యడిగెను. "ఉన్నది తాతా" అని మనుమరాలు చెప్పెను.

చదువరులారా, నా మనవి చిన్నది. సెలవుదినమున ఈ నాలుగింటిలో నొకదానిని ఇంటికి తెండు. పెద్దలును ప్రక్కన కూర్చుండుడు. మీకు తెలిసిన పని యేదో ఆ తెరమీద మీకును కనబడవచ్చును, మీ పిల్లలు మొదటిసారి దానిని గూర్చి మిమ్మడుగవచ్చును. ఇంట ఆడపిల్ల యున్నచో మొదటి వంతు ఆమెకిండు. మా యింట అది రెండేండ్లు ఆలస్యమైనది.